చివరగా ఎక్కేవాళ్ళు

గార్డెన్ రీచ్, కలకత్తా
24 జులై 2024

ఇంద్రజా,

దీవెనలు. తిట్లు కూడా ఉన్నాయి, అవి కింద వస్తాయి.

ఫోన్లో మాట్లాడుకోవడం మనిద్దరికీ కుదరదని తేలిపోయింది. నువ్వు ఫోన్ ఎత్తిన ప్రతిసారీ వెనకాల ఎవరో మైకులో ఏదో ఊరి పేరు చెబుతుంటారు, నువ్వు "అత్తా, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తావు. ఆ మళ్ళీ ఎప్పుడో నాకు తెలియదు. అందుకే ఉత్తరం. ముప్పై ఒక్క ఏళ్ళు ఖిదిర్‌పూర్‌లో డాక్ కార్మికుల యూనియన్ ఆఫీసులో టైపు కొట్టినదాన్ని. కాగితం మీద ఉన్న మాటనే నమ్ముతాను. బెంగాలీ బళ్ళో చదువుకునే నిన్ను ఆదివారాలు కూర్చోబెట్టి తెలుగు రాయించాను కదా, ఇప్పుడు పనికొస్తుంది. కాగితం మీదే జవాబియ్యి.

ఇరవయ్యో తారీఖు శనివారం వస్తానన్నావు. మొన్న సోమవారం నా ఆపరేషన్ జరగవలసింది. పిత్తాశయంలో రాళ్ళు, చిన్న పనే, మర్నాడు ఇంటికి పంపేస్తామన్నారు. దగ్గర బంధువు ఒకరు వచ్చి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాలట. మా తమ్ముడు పోయాక, మీ అమ్మ కూడా పోయాక, నాకు దగ్గర బంధువంటే నువ్వు తప్ప ఎవరే? శ్రీకాకుళంలో ఉన్నవాళ్ళు పెళ్ళిళ్ళకి తప్ప కదలరు. నీ కోసం శనివారం పొద్దున్నే బజారుకెళ్ళి ఇలిష్ చేప తెచ్చి పులుసు పెట్టాను. నేను నూనె ముట్టకూడదు. కూర్చుని చూడ్డమే నా వంతు. మధ్యాహ్నం రెండింటికి నీ మెసేజి: "దింపేశారత్తా. సీటు లేదు." పులుసు పక్కింటి మేరీరాణి తింది. తిని, ముల్లు తీసుకుంటూ, "ఏటమ్మా, గుంట రానేదా?" అని ఒకటికి మూడుసార్లు అడిగింది.

ఎక్కించాక దింపడమేమిటి? మన బస్సు కండక్టరు కూడా సెలవు రోజున తన బస్సులో దర్జాగా కూర్చుని వెళ్తాడు. నీ కంపెనీ విమానంలో నీకు సీటు లేకపోవడమేమిటి? ఏం జరిగిందో మొత్తం రాయి, వేళతో సహా.

ఆపరేషన్ ఆగస్టు పంతొమ్మిదికి మార్పించాను. పదిహేడున రా.

నీ అత్త
కృష్ణకుమారి

---

హైదరాబాద్
2 ఆగస్టు 2024

అత్తా,

తిట్లు అందాయి. దీవెనలు వాటి కింద ఎక్కడో నలిగిపోయినట్టున్నాయి, వెతుక్కుంటాను.

ఈ ఉత్తరం మూడు ఊళ్ళలో రాస్తున్నాను. పై రెండు లైన్లు రాయ్‌పూర్ హోటల్లో, ఇది ఎయిర్‌పోర్టు బస్సులో. అక్షరాలు గెంతుతున్నాయని కోప్పడకు.

నువ్వడిగినదానికి జవాబు. కంపెనీ మాకిచ్చే పాస్ మీద ప్రయాణమంటే టికెట్ కాదత్తా, ఆశ. ముందు మా యాప్‌లో ఆ విమానం జాబితాలో పేరు పెట్టుకోవాలి, స్టాండ్‌బై అంటారు దాన్ని. డబ్బు కట్టిన వాళ్ళందరూ ఎక్కాక సీటు మిగిలితే మాది. దానికో మర్యాద ఉంది. ట్రైనింగులో రెండు పూటలు అదే చెప్పారు. డ్యూటీలో లేకపోయినా జీన్సు, చెప్పులు వేసుకోకూడదు, ఇంటర్వ్యూకి వెళ్ళినట్టు వెళ్ళాలి. గేటు దగ్గర కౌంటరు ముందు నిలబడకూడదు, వాళ్ళ కంటికి ఆనేంత దూరంలో పక్కగా కూర్చోవాలి. సీటుందా అని అడగకూడదు. వాళ్ళే పిలుస్తారు. అందరికన్నా చివర ఎక్కాలి. తలుపు దగ్గర ఉన్న మా వాళ్ళకి పేరు చెప్పి థాంక్స్ చెప్పాలి. బ్యాగు పైన పెట్టకూడదు, ప్రయాణికుల సామానుకి చోటు కావాలి కదా, కాళ్ళ దగ్గరే. బెల్లు నొక్కకూడదు. దాహమేస్తే ఆగాలి. పక్కవాళ్ళతో మేం ఇక్కడ పనిచేస్తామని చెప్పకూడదు, వాళ్ళు టికెట్ కొని వచ్చిన మనుషులు, మనం ఊరికే వచ్చామని తెలిస్తే బాగోదు. అన్నిటికన్నా ముఖ్యం, తలుపు మూసేలోపు ఎవరైనా టికెట్ ఉన్న మనిషి వస్తే మా వాళ్ళొచ్చి చెవిలో చెబుతారు. వెంటనే లేవాలి. ఎందుకని అడగకూడదు. మొహం మాడ్చుకోకూడదు. నవ్వుతూ బ్యాగు తీసుకుని దిగిపోవాలి, పక్క సీటాయనకి మనం ఏదో మరిచిపోయి వెళ్తున్నామనిపించాలి.

ఇరవయ్యో తారీఖున అదే జరిగింది. ఎవరి తప్పూ కాదు.

పదిహేడున తప్పకుండా వస్తాను. నొప్పి ఎలా ఉంది? ఆ విషయం ఒక్క ముక్క కూడా రాయలేదు నువ్వు.

ఇంద్రజ

---

గార్డెన్ రీచ్
21 ఆగస్టు 2024

ఇంద్రజా,

ఈసారి దీవెనలు ముందే నలిగిపోయాయి. పదిహేడున మళ్ళీ అదే మెసేజి. దింపేశారు.

నొప్పి గురించి అడిగావు కదా. శనివారం సాయంత్రం వచ్చింది. కుడి డొక్కలో మొదలై వీపులోకి వెళ్ళింది. మేరీరాణి మెటియాబ్రుజ్‌లో దర్జీల దగ్గర కాజాలు కుడుతోంది కదా, దుర్గాపూజకి ముందు వాళ్ళకి ఊపిరాడదు. పని పారేసి వచ్చి నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. డాక్టరు కుర్రాడు, సొంత పిన్నినైనట్టు మాసీమా అని పిలుస్తాడు. "మాసీమా, ఇంకెన్నాళ్ళు వాయిదా వేస్తారు? పూర్తిగా వాచిపోతే చిన్న పని పెద్దదవుతుంది" అన్నాడు. నా మేనకోడలు విమానంలో పనిచేస్తుంది, అందుకే రాలేకపోతోంది అన్నాను. ఆ మాటకి అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నీ మర్యాదల జాబితా నాలుగుసార్లు చదివాను. మా రోజుల్లో డాక్‌లో మూటలు మోసేవాడికి డ్యూటీ దిగాక వాడి మొహం వాడి సొంతం. నిన్ను సెలవు రోజున కూడా నవ్వమంటున్నారు. దాహమేస్తే ఆగాలా? దిగిపొమ్మంటే ఎందుకని అడగకూడదా? దీన్ని మర్యాద అని ఎవరు చెప్పారే నీకు? ఇలాంటివి ఒక్క కాగితంతో మాన్పించిన ఆఫీసు మాది. 1994లో క్యాంటీన్లో కూలీలు నిలబడి తినాలన్నారు. నేను కొట్టిన అర్జీ పై వారం బెంచీలు తెచ్చింది.

రెండుసార్లూ నిన్ను దింపిన మనుషులెవరు? ఏ వరస, ఎన్ని గంటలకి, ఏ మాటలు అన్నారు? నీకు తెలియని కోపం నాకుంది. చెయ్యవలసింది నేను చేస్తాను.

ఆపరేషన్ సెప్టెంబరు పదహారు.

అత్త

---

హైదరాబాద్
30 ఆగస్టు 2024

అత్తా,

దయచేసి ఏమీ చెయ్యకు. చేతులు జోడించి రాస్తున్నాను.

ఇంజెక్షన్ అని చదివాక రోజంతా బుర్ర పనిచెయ్యలేదు. టీ అడిగిన ఆవిడకి రెండుసార్లు నీళ్ళిచ్చాను. ఇప్పుడెలా ఉంది? అన్నం తింటున్నావా?

నన్నెవరూ అవమానించలేదు. పదిహేడున ఇరవై ఏడో వరసలో కిటికీ పక్కన కూర్చున్నాను. బెల్టు కూడా పెట్టుకున్నాను. ఒకాయన ఆలస్యంగా పరుగెత్తుకుంటూ వచ్చాడు, పెళ్ళికి వెళ్తున్నట్టున్నాడు, చేతిలో స్వీట్ల డబ్బా. మాతో పనిచేసే అమ్మాయి వచ్చి భుజం మీద చెయ్యేసింది. లేచాను. అంతే. ఆయన నాకు థాంక్స్ కూడా చెప్పాడు. దీని మీద ఎవరికైనా ఏదైనా రాస్తే నవ్విపోతారు, తరవాత నన్ను పిలుస్తారు. అక్టోబరులో క్యాబిన్ ఇన్‌ఛార్జ్‌కి ఎంపిక ఉంది. మా పైమెట్టు అది, నా పేరు ఉంది అందులో. పాస్ మీద వెళ్ళి ఫిర్యాదు చేసిన వాళ్ళని మా దగ్గర ఎవరూ మరిచిపోరు.

సెప్టెంబరు పద్నాలుగున వస్తాను. ఒట్టు.

నిన్న బ్యాగు సర్దుకుంటుంటే అమ్మ చీర ఒకటి దొరికింది, పసుపుది, నువ్వు పూజకి కొనిపెట్టినది. అది ఇక్కడికి ఎలా వచ్చిందో తెలియదు. మళ్ళీ లోపల పెట్టేశాను.

ఇంద్రజ

---

గార్డెన్ రీచ్
18 సెప్టెంబరు 2024

ఇంద్రజా,

మూడోసారి కూడా రాలేదు. ఒట్టు సంగతి నీకూ దేవుడికీ వదిలేస్తున్నాను.

నిన్న విశ్వకర్మ పూజ. షిప్‌యార్డు వైపు నుంచి పొద్దుట్నుంచీ మైకులు. ఆకాశం నిండా గాలిపటాలు. నేను తలుపులు బిగించుకుని టైపు మిషను దించాను. దుమ్ము దులిపాను, రిబ్బను మార్చాను. అర్జీ కొట్టాను. నీ కంపెనీ హెడ్ ఆఫీసుకి ఒకటి, సిబ్బంది వ్యవహారాలు చూసే వాళ్ళకి ఒకటి, ఢిల్లీలో విమానాల శాఖకి ఒకటి, నా ఫైలుకి ఒకటి. ఇవాళ పొద్దున్న రిజిస్టరు చేసి వచ్చాను. వద్దన్నావని తెలుసు. కానీ నువ్వు మెత్తనిదానివి, నీలాంటి వాళ్ళ కోసమే యూనియన్లు పుట్టాయి.

ఇంగ్లీషులో కొట్టినదాన్ని నీకు తెలుగులో చెబుతాను, ఎలా ఉందో చూడు:

"మీ ఉద్యోగిని కుమారి ఇంద్రజను జులై 20, ఆగస్టు 17, సెప్టెంబరు 14 తేదీలలో కలకత్తా విమానం ఎక్కించి దింపివేశారు. రెండవ పర్యాయం ఆమె ఇరవై ఏడవ వరసలో బెల్టు ధరించి కూర్చుని ఉండగా లేపారు. మీ నియమాల ప్రకారం ఆమె కారణం అడగలేదు, నవ్వుతూ దిగింది. అడగవలసిన కారణం ఆమె సంరక్షకురాలిగా నేను అడుగుతున్నాను. నా శస్త్రచికిత్స మూడుసార్లు వాయిదా పడింది. సెలవులో ఉన్న మనిషికి దాహం, కోపం, దుఃఖం ఉండే హక్కు ఉన్నదో లేదో తెలియజేయ ప్రార్థన."

చివరి వాక్యం నాకు బాగా నచ్చింది.

కొత్త తారీఖు అడిగితే ఆసుపత్రిలో గుమాస్తా నా వైపు అదోలా చూశాడు. అక్టోబరు ఇరవై ఎనిమిది ఇచ్చాడు, ఇదే ఆఖరన్నాడు.

అత్త

---

హైదరాబాద్
25 సెప్టెంబరు 2024

అత్తా,

ఎందుకు చేశావు? వద్దని రాశాను కదా. అంత స్పష్టంగా రాశాను.

నిన్న పిలిచారు. సుజన మేడమ్, మా పై ఆవిడ, నీ అర్జీ టేబుల్ మీద పెట్టి కూర్చుంది. ఏదో చెప్పి సర్దాను. ఇంక ఎవరికీ ఏమీ రాయకు. వాళ్ళ దగ్గర్నుంచి ఏదైనా వస్తే చించెయ్యి, చదవకు.

ఇప్పుడే వైజాగ్ డ్యూటీ. బస్సు వచ్చేసింది.

ఇంద్రజ

---

గార్డెన్ రీచ్
5 అక్టోబరు 2024

ఇంద్రజా,

చించెయ్యమన్నావు. ఉత్తరం చించే అలవాటు నాకు లేదు.

నీ కంపెనీ జవాబు గురువారం వచ్చింది. మంచి కాగితం, మంచి ఇంగ్లీషు. ఆ మూడు తేదీల్లో నీ పేరు వాళ్ళ స్టాండ్‌బై జాబితాలో ఎక్కడా లేదట. ఎవరినీ దింపలేదట. అంతవరకైతే యాజమాన్యం అబద్ధమాడుతోందని ఫైల్లో పెట్టి ఇంకో అర్జీ కొట్టేదాన్ని. కింద ఇంకో పేరా ఉంది. మీ వయసు, మీ జ్ఞాపకశక్తికి సంబంధించిన ఇబ్బంది గురించి కుమారి ఇంద్రజ మాకు వివరించారు, మీరు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం, అని.

ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఒక్క తేదీ తప్పు కొట్టలేదు. సెక్రటరీలు ఆరుగురు మారారు, అందరూ తేదీలు నన్నే అడిగేవారు. అరవై మూడేళ్ళకి నాకు మతి పోయిందని ఊరూ పేరూ లేని మనుషులు నన్ను చూసి జాలిపడుతున్నారు. నువ్వు చెబితే.

మేరీరాణికి చూపించలేదు. సిగ్గేసింది.

సరే, మతి పోయినదాన్నే అనుకో. ఒక్కటి చెప్పు. ఆ మూడు రోజులూ నువ్వెక్కడున్నావు?

కృష్ణకుమారి

---

హైదరాబాద్
13 అక్టోబరు 2024

అత్తా,

ఇవాళ దశమి. అక్కడ ఘాట్‌లో నిమజ్జనాల గోలలో నీకు ఈ ఊసు ఎందుకనిపిస్తోంది, అయినా ఇంక ఆపలేను. ఆరుసార్లు మొదలుపెట్టి ఆరుసార్లూ పారేశాను.

జులై ఇరవయ్యిన ఎయిర్‌పోర్టులోనే ఉన్నాను. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, అన్నీ పద్ధతిగా. కలకత్తా గేటు పక్కన కూర్చున్నాను. యాప్ తెరిచాను, పేరు పెట్టే చోట వేలు పెట్టలేకపోయాను. అందరూ ఎక్కారు. గేటు మూశారు. తరవాత మా వాళ్ళని ఊరికే అడిగాను, పదకొండు సీట్లు ఖాళీగా వెళ్ళాయట. ఆగస్టులో కూడా వెళ్ళాను, ఈసారి బోర్డింగ్ మొదలవగానే లేచి వచ్చేశాను. ఇరవై ఏడో వరస, స్వీట్ల డబ్బా, అవన్నీ కల్పించినవి. సెప్టెంబరులో రూము కూడా దాటలేదు. చొక్కా ఇస్త్రీ చేసి, మంచం మీద పెట్టుకుని దాని పక్కన కూర్చున్నాను.

నువ్వు ఫోన్లో "చిన్న పనే, మర్నాడు పంపేస్తారు" అన్నావు. అమ్మకి గర్భసంచి ఆపరేషన్ అప్పుడు కూడా అవే మాటలు. నాకు ఇరవై ఏళ్ళు. ఆ వరండాలో నర్సు కాగితం తెచ్చింది, కూతురు అని ఉన్న గీత దగ్గర వేలు పెట్టి చూపించింది. పెట్టాను. ఏముందో చదవలేదు. అమ్మ మళ్ళీ లేవలేదు. డాక్టర్ల తప్పు కాదని, గుండె తట్టుకోలేదని అందరూ చెప్పారు, నాకూ తెలుసు. కానీ ఆ కాగితం మీద ఉన్నది నా సంతకం. నీ కాగితం మీద కూడా పెట్టాలంటే నా ఒళ్ళు నా మాట వినలేదు.

స్టాండ్‌బైలో ఒక సుఖముంది. రాలేకపోతే ఎవరూ ఎందుకని అడగరు. సీటు లేదంటే చాలు. మూడేళ్ళుగా పండగలకీ, అమ్మ తద్దినానికీ నీకు చెప్పింది కూడా చాలాసార్లు అదే. ఏ కంపెనీ నన్ను దింపలేదు అత్తా. నేనే ఎక్కలేదు.

సుజన మేడమ్ నీ అర్జీ చూపించి, "మీ ఆంటీ చెప్పేది నిజమా, మా జాబితా నిజమా?" అంది. ఎంపికకి నెల రోజులుంది. నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు. నాకు వేరే ఏ మాటా తోచలేదంటే నమ్ముతావా? నమ్మకపోయినా పరవాలేదు.

నీ తేదీలు అన్నీ సరైనవే. ఒక్కటి కూడా తప్పు లేదు.

ఇంద్రజ

---

గార్డెన్ రీచ్
19 అక్టోబరు 2024

ఇంద్రజా, నా తల్లీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు చాలా కోపం వచ్చింది. అది దాచను. రెండు రోజులు నీకు రాయలేదు. గిన్నెలు గట్టిగా పడేశాను, మేరీరాణి గోడ అవతల నుంచి "ఏటయిందమ్మా?" అని అరిచింది. మూడో రోజుకి కోపం పోయింది, దాని కింద ఇంకోటి బయటపడింది. అది నీకు చెప్పాలి.

ఆ వరండాలో నర్సు కాగితం ముందు నాకే ఇచ్చింది. నీకు గుర్తులేదు. ఆడపడుచుని కదా, ఇంట్లో పెద్దదాన్ని, నేను పెడితే సరిపోయేది. నేను చదివాను. ఊళ్ళో వాళ్ళ కాగితాలన్నీ చదివి, అర్థం చెప్పి, ఇక్కడ పెట్టండి అని చూపించినదాన్ని కదా. చదివాను కాబట్టి భయమేసింది. ఏమైనా జరగొచ్చు అని రాసి ఉంది. మీ అమ్మ జయలక్ష్మికి ఏమైనా అయితే నా పేరు ఉంటుందని, నా చేతిలో ఉన్న పెన్ను నీ చేతిలో పెట్టాను. కూతురు సంతకమైతే మంచిది అన్నాను నర్సుతో. ఆ మాట అన్నది నేను. నాలుగేళ్ళయింది, ఎవరికీ చెప్పలేదు. అలాంటి దాన్ని మళ్ళీ నిన్నే సంతకానికి పిలిచాను, మూడుసార్లు, నాలుగోసారి కూడా. నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. మతి పోవడమంటే ఇదే అనుకుంటాను.

నువ్వు రాకు. ఇది అలక కాదు. ఆసుపత్రిలో మాట్లాడాను, మేరీరాణిని చెల్లెలని రాయించాను. ఆవిడ తమాషాగా వేలిముద్ర వేస్తానంటోంది, చక్కగా ఇంగ్లీషులో సంతకం పెట్టగలదు. ఇరవై ఎనిమిది సోమవారం ఆపరేషన్. నొప్పి వారానికి రెండుసార్లు వస్తోంది, తట్టుకుంటున్నాను.

నీ కంపెనీకి ఇవాళ ఇంకో ఉత్తరం కొట్టి పోస్టు చేశాను. నా జ్ఞాపకశక్తి కొంతకాలంగా సరిగా లేదని, లేనివి ఉన్నట్టు అనిపిస్తున్నాయని, నా అర్జీ ఉపసంహరించుకుంటున్నానని, నా మేనకోడలు చెప్పినదే నిజమని. తేదీ వెయ్యడం కూడా మానేశాను, నమ్మకంగా ఉంటుందని. నీ ఎంపికకి ఇది అడ్డు రాకూడదు. అంత కష్టమైన కాగితం నా జన్మలో కొట్టలేదు. కొట్టాక తేలిగ్గానే ఉంది.

అన్నం వేళకి తిను.

నీ అత్త

---

విమానంలో, 14 సి
26 అక్టోబరు 2024, శనివారం మధ్యాహ్నం

అత్తా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. నీ చేతికే ఇస్తాను. నా ఎదురుగా చదవకు, నేను కిందకెళ్ళి పాల ప్యాకెట్ తెచ్చేలోపు చదివెయ్యి.

నీ రెండో ఉత్తరం మా ఆఫీసుకి చేరకముందే సుజన మేడమ్ దగ్గరికి వెళ్ళాను. నీది నా చేతికి అందిన పది నిమిషాలకి. మా అత్త మతి నాకంటే బాగుంది, అబద్ధమాడింది నేను అన్నాను. ఆవిడ నా ఫైలు తీసింది. ఎంపిక ఈ ఏడాదికి లేదు. పాస్ ఆరు నెలలు ఆపేశారు. ఎందుకు చెప్పావు, ఊరుకుంటే అయిపోయేది కదా అని కూడా అంది, అది కోపంగా అనలేదు.

పాస్ లేదు కాబట్టి టికెట్ కొన్నాను. అత్తా, ఈ ఉద్యోగంలో చేరాక మొదటిసారి. జనం మధ్యలో ఎక్కాను. బ్యాగు పైన పెట్టాను, పెట్టి, ఎవరికైనా చోటు కావాలేమోనని రెండుసార్లు వెనక్కి చూశాను. కూర్చున్నాక కాళ్ళు ఊరుకోవడం లేదు. మొన్నటి తుపానుకి కలకత్తా విమానాలు ఆగిపోయాయి కదా, ఆ జనమంతా ఇవాళే ఉన్నారు. తలుపు దగ్గర గొడవ. సమీర వచ్చింది, గేటు దగ్గర పనిచేసే అమ్మాయి, నాకు బాగా తెలుసు. నన్ను చూసి మొహం వెలిగింది. వంగి చెవిలో చెప్పింది: "ఇందూ, ఒక్క సీటు తక్కువైంది. సారీ."

నేను బెల్టు తీసేశాను. నమ్ముతావా, సగం లేచాను కూడా, నవ్వు కూడా వచ్చేసింది మొహం మీదకి. దిగిపోతే ఎవరూ ఏమీ అనరు. నువ్వు రావద్దనే అన్నావు. మేరీరాణి పిన్ని ఉంది. ఈసారి నిజంగానే సీటు లేదని మెసేజి పెట్టొచ్చు. అంత తేలిగ్గా ఉంది అత్తా, భయమేసింది ఎంత తేలిగ్గా ఉందో.

కూర్చున్నాను. "సమీరా, ఇది నేను కొన్న సీటు. మా అత్తకి ఎల్లుండి ఆపరేషన్. నేను దిగను" అన్నాను. కొంచెం గట్టిగానే వచ్చింది, పక్కాయన తిరిగి చూశాడు. సమీర చేతిలో కాగితం చూసుకుని, అయ్యో అని నా భుజం నొక్కి వెనక్కి వెళ్ళింది. వెనక వరసల్లోంచి ఒకతను లేచాడు. ఇస్త్రీ చొక్కా, కాళ్ళ దగ్గర బ్యాగు. మా వాడే, చూడగానే తెలిసిపోతుంది. నవ్వుతూ నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు. ఎవరి కోసం బయలుదేరాడో ఎవరూ అడగలేదు, నేను కూడా. నువ్వుంటే అడిగేదానివి.

తలుపు మూశారు. ఇంక దిగడానికి లేదు.

నువ్వు అప్పుడు భయపడ్డావని రాశావు. నాకు నీ మీద కోపం వస్తుందేమోనని ఒక రోజంతా ఎదురుచూశాను, రాలేదు. ఇద్దరం భయపడ్డాం, నేను చిన్నదాన్ని కాబట్టి నాకు తెలియలేదు, అంతే. ఈసారి ఆ కాగితం ఇద్దరం కలిసి చదువుదాం, ఏమైనా జరగొచ్చు అన్న లైనుతో సహా. మేరీరాణి పిన్నిని వరండాలో మనతోనే కూర్చోమను, కానీ చెల్లెలు అన్న చోట ఆవిడ పేరు కొట్టేయించు.

అక్షరాలు వంకరగా ఉన్నాయంటే విమానం కదులుతోందని కాదు, ఇంకా నిలబడే ఉంది. నా చెయ్యే. సోమవారం కూడా ఇలాగే వణుకుతుంది. నువ్వేమీ అనకు. పెడతాను.

ఇంద్రజ